నాలుగో నంబరుకు పట్టిన ఎలుకలు

మా ఊరికి పట్టిన దరిద్రం కరువు కాదు, తెగులు కాదు, తెలివి. ఒక్కొక్కరికి పుట్టెడు తెలివి. అందులో నా వాటా ఎంతో చివరికి ఎలాగూ తెలుస్తుంది కాబట్టి ముందు మిగతావాళ్ల సంగతి చెబుతాను. పరాయివాళ్ల సంగతి చెప్పడానికి నాకెప్పుడూ నోరు నొప్పి పుట్టలేదు.

మాకు రెండు చెక్కల పొలం. ఒకటి ఇంటి వెనక, ఆవు అడ్డంగా పడుకుంటే నిండిపోతుంది. రెండోది ఏటవాలు మీద, పొద్దెక్కేదాకా మంచు వదలని చోట. ఆ మెరకలో బంగాళాదుంప తప్ప ఇంకేదీ పండదు. ఆ దుంపకి కూడా వరసగా మూడేళ్లు ఆకుమాడు తెగులు తగిలింది. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే చాలు, పచ్చటి ఆకు ఉడికించినట్టు నల్లబడి వేలాడుతుంది. మందు కొట్టీ కొట్టీ మా ఆయన భుజం పడిపోయింది గానీ తెగులు మాత్రం పడిపోలేదు.

మూడో పంట పోయినప్పుడు మా బావగారు పరామర్శకు వచ్చారు. మా ఆయనకి అన్నగారు. ఊరికే ఎవరి గడపా తొక్కే మనిషి కాదు. కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు తాగి, మూతి తుడుచుకుని అసలు మాట బయటపెట్టారు.

"ఆ మెరక చెక్క నాకు కౌలుకిచ్చెయ్యరా. మీరిద్దరూ మా పొలంలోకే పనికి రండి. మనవాళ్లు మనకి సాయం కాకపోతే ఎలా?"

మా తోడికోడలు గట్టు మీద గొడుగేసుకు కూర్చుని, "ఆ మూల కలుపు వదిలేశావమ్మాయ్" అంటూ ఉంటే నేను వంగి తీస్తూ ఉండటం కళ్లకు కట్టింది. ఒళ్లు మండిపోయింది.

"ఇంకో మూడు పంటలు చూస్తాం బావగారూ," అన్నాను, మా ఆయన నోరు తెరిచేలోగా. మా ఆయన నోరు తెరిచేలోగా బియ్యం ఏరి, కడిగి, పొయ్యి మీద పెట్టొచ్చు.

"సరే, మూడు. మూడోది కూడా పోతే మళ్లీ మాట మార్చకూడదు," అన్నారు బావగారు తమ్ముడి వైపు తిరిగి. "సరే," అన్నారు మా ఆయన. ఆయన సరే అన్నారంటే ఇక రాసి సంతకం చేసినట్టే. మూడు పంటల గడువుకి ఒప్పుకుని, ఒక్క మాటతో మా మెడ బావగారి చేతికి ఇచ్చేశారు.

ఆ ఏడే పరిశోధన కేంద్రం వాళ్లు ఊళ్లోకి దిగారు. ఆరు కొత్త రకాల దుంపలు తెచ్చారు. వాటికి పేర్లు లేవు, నంబర్లే. పేరు పెడితే మేం పేరు చూసి మోసపోతామట. వచ్చినవాళ్లలో ఒక పై అధికారి, ఆయన బూట్లకు బురద అంటకుండా ముందు నడిచి దారి చూపేవాళ్లు ఇద్దరు, అందరికీ వెనక లావుపాటి పుస్తకం చంకలో పెట్టుకుని ఒక బక్కపల్చటి అమ్మాయి. వీళ్లలో పని చేసేది ఆ అమ్మాయి ఒక్కతేనని నాకు చూడగానే తెలిసింది. ఎందుకంటే మాట్లాడనిది ఆ పిల్ల ఒక్కతే.

అధికారి మాట్లాడారు. "ఇంతకాలం మేం రకాలు తయారుచేసి ఇస్తే మీరు పక్కన పారేశారు. ఇకనుంచి మీరే పండిస్తారు, మీరే పరీక్షిస్తారు, మీరే ఎంచుకుంటారు. మీరే అసలైన శాస్త్రవేత్తలు!" అని చప్పట్ల కోసం ఆగారు. మా బావగారు కొట్టారు. తర్వాత అందరికీ టోపీలు పంచారు. టోపీ నెత్తిన పడగానే మా ఊరి మగాళ్ల మెడలు నిక్కిన తీరు చూడాలి. నిన్నటిదాకా తెగులుకీ పురుగుకీ తేడా తెలియనివాడు కూడా ఆకు పట్టుకుని ఎండకి అడ్డంగా పెట్టి చూడటం మొదలుపెట్టాడు.

ఆరు రకాలూ కలిపి పెద్ద మడి మా బావగారి పొలంలో వేశారు. అక్కడి నేల గొప్పదని కాదు, రోడ్డు పక్కన కారు ఆగడానికి వీలని. ఆదర్శ రైతని ఆయనకి అప్పటికే మూడు ప్రశంసాపత్రాలున్నాయి. మూడింటికీ ప్లాస్టిక్ తొడిగించి ముందు గదిలో వేలాడదీశారు. ఆయన వంగి ఒక్క గడ్డిపరక పీకగా చూసినవాడు మాత్రం ఊళ్లో లేడు. పెద్ద మడికి వారం వారం కేంద్రం వాళ్లే మందు కొట్టించేవారు. చిన్న మళ్లు పదకొండు ఇళ్లకు ఇచ్చారు. ఒక్కో రకం రెండేసి సాళ్లు, సాలు చివర రేకు ముక్క మీద నంబరు. మా మడి ఏటవాలు మీద వేశాం. దానికి మందు కొట్టే దిక్కు లేదు.

రెండో నంబరు చూపులకి పెళ్లికూతురే. గులాబీ రంగు తోలు, పిడికిట్లో పట్టనంత దుంప, నున్నటి ఒళ్లు. పైన పటారం, లోన లొటారం అని దాన్ని నలభై రోజులు ఇంట్లో ఉంచితే గానీ తెలియదు. నాలుగో నంబరు నాలాంటిది. గరుకు తోలు, నడిమి సైజు, సంతలో ఎవరూ వెనక్కి తిరిగి చూడని రంగు.

మొదటి పంటకి ముసురు తొమ్మిది రోజులు పట్టింది. పదో రోజు పొద్దున్నే నేనూ మా ఆయనా ఏటవాలు ఎక్కాం. ఒకటి, రెండు, మూడు నేలకి అంటుకుపోయి ఉన్నాయి. ఐదు, ఆరు సగం మాడాయి. నాలుగో నంబరు రెండు సాళ్లు మాత్రం ఏమీ జరగనట్టు నిలబడి ఉన్నాయి. ఆకు మీద అక్కడక్కడ ఒక చుక్క, అంతే. ఆ సాళ్ల మధ్య చతికిలబడి ఆకులు తిప్పి తిప్పి చూశాను. ఏడుపొచ్చింది. మూడేళ్లలో ఆ పొలంలో పచ్చగా ఏదైనా చూడటం అదే మొదలు. నేను ఏడ్చిన సంగతి ఎవరికీ చెప్పొద్దని మా ఆయన దగ్గర మాట తీసుకున్నాను.

తవ్విన దుంపల్ని ఆ అమ్మాయి చెప్పినట్టే నిల్వ చేశాం. వసారాలో చెక్క అరలు కొట్టి, ఎండ తగలకుండా వెలుతురూ గాలీ ఆడేలా ఒక్క వరసగా పరిచాం. రెండో నంబరు నలభయ్యో రోజుకి నీరు కారింది. నాలుగో నంబరు విత్తే రోజుదాకా రాయిలా ఉండి, కురచగా లావుపాటి మొలకలు వేసింది. ప్రతి ఏడూ విత్తనాల కొట్టువాడి గుమ్మం ముందు నిలబడి, వాడు ఇచ్చిన చచ్చు విత్తనం కళ్లకద్దుకుని తెచ్చుకునేవాళ్లం. ఇక వాడి ముఖం చూడక్కర్లేదు. రెండో పంట వేశాం, మళ్లీ ముసురు పట్టింది, మళ్లీ నాలుగే నిలబడింది.

"ఇది నిలబెట్టేస్తుంది మనల్ని. ఊళ్లో అందరికీ పనికొస్తుంది," అన్నారు మా ఆయన, సాలు గట్టున నిలబడి.

ఆ రెండో ముక్క దగ్గరే నాకు కాలింది.

రెండో పంట తవ్వకానికి వారం ముందు ఆ అమ్మాయి ఇల్లిల్లూ తిరిగి పద్ధతి చెప్పింది. తవ్విన రోజే ఓటు. గెలిచిన రకానికి కేంద్రం వాళ్లు శుభ్రమైన విత్తనం తయారుచేసి మాకూ, చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఇస్తారు. ఓడిన రకాల దుంపలు మాత్రం ఒక్కటి కూడా ఎవరి ఇంట్లోనూ మిగలకూడదు, అన్నీ తిరిగి ఇచ్చెయ్యాలి. ఖాయం కాని రకం బయటికి పాకకూడదని నియమం.

చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ అన్న మాట మా ఊళ్లో పిడుగులా పడింది. పల్లంలో పెద్ద పెద్ద కమతాలవాళ్లు కూడా నాలుగో నంబరు వేస్తే ఇక మన దుంప ఎవడికి కావాలి? అదే గెలవకుండా చూసి, రెండు బస్తాలు ముందే పక్కకి తీసి దాచుకుంటే? తెగులు తట్టుకునే దుంప లోకంలో మనకొక్కరికే ఉంటుంది. ఈ ఆలోచన నాకొచ్చింది. నాకొక్కదానికే వచ్చిందనుకుని మురిసిపోయాను కూడా. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందట. ఆ వారం మా ఊళ్లో ఇంటికొక పిల్లి.

బుట్టలు అల్లుకుంటున్న మా ఆయన దగ్గర కూర్చుని మెల్లగా కదిపాను.

"నాలుగో నంబరుకి ఓటెయ్యకండి. రెండుకి వేద్దాం."

"అదేంటి? బాగున్నదాన్ని బాగుందని చెప్తే ఏం పోతుంది?"

"మన పొలం పోతుంది. అందరికీ దొరికితే మనకేం మిగులుతుంది?"

"ఓడితే మనకీ ఉండదు కదా."

"అది నేను చూసుకుంటాను."

"ఏం చూసుకుంటావు?"

"అన్నీ మీకెందుకు? అందరికీ పనికొస్తుందట, అందరికీ! ఆ అందరూ మీకేమైనా చుట్టాలా?"

ఆయన కాసేపు ఆలోచించి, "చుట్టాలే కదే," అన్నారు.

నిజమే. ఊళ్లో సగం మంది వాళ్ల చుట్టాలే. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది. ఇలాంటి వెర్రిబాగుల మనిషిని నా నెత్తిన రుద్దారని మా పుట్టింటివాళ్లందరినీ పేరుపేరునా తిట్టాను. అంతా విని "చూద్దాంలే" అన్నారు. సరే అనలేదు. ఆయన విషయంలో ఆ రెండు మాటలకీ ఎంత తేడా ఉందో తెలిసి కూడా పట్టించుకోలేదు.

తవ్వకానికి ముందురోజు మధ్యాహ్నం ఆవుకి గడ్డి కోసుకొస్తానని చెప్పి ఏటవాలు ఎక్కాను. నాలుగో నంబరు ఒక సాలంతా తవ్వేసి, రెండు ప్లాస్టిక్ ఎరువు సంచులు నింపి, మట్టి మళ్లీ సర్ది, పైన తీగలు పరిచి వచ్చాను. గడ్డిమోపుల్లో పెట్టి సంచులు ఇంటికి చేర్చేసరికి నడుం విరిగింది. ట్రంకు పెట్టె వెనక, మంచం కిందికి తోసేశాను.

మర్నాడు ఆ అమ్మాయి తక్కెడ పెట్టుకుని మడి మడికీ తిరిగింది. మా మడిలో నాలుగో నంబరు తూచి పుస్తకం వంక చూసింది, సాలు వంక చూసింది.

"తీగలు అంత బాగున్నాయి కదమ్మా, దుంప ఇంత తక్కువొచ్చిందేంటి?"

"ఎలుకలు," అన్నాను.

మా ఆయన నమ్మేశారు. "అయ్యో, ఎప్పుడు పడ్డాయో," అని బొరియల కోసం గట్టంతా వెతికారు. ఆ అమ్మాయి రాసుకుంటూ, "కింద మళ్లల్లో కూడా ఎలుకలేనన్నారు," అంది. అప్పుడైనా నా బుర్ర వెలగాల్సింది. పదకొండు మళ్లలోనూ ఎలుకలు పడ్డాయి. పడి, పక్క సాళ్లలో ఉన్న మూడునీ ఐదునీ ముట్టుకోకుండా నాలుగో నంబరే తిని పోయాయి. రేకు మీద అంకె చదవడం వచ్చిన ఎలుకలు. బావగారి పెద్ద మడిలో అయితే ముప్పాతిక భాగం తినేశాయి. మరి అవి ఆదర్శ ఎలుకలు.

"ఎలుకలు బాగా ఇష్టపడే రకం అని రాసుకో," అన్నారు అధికారి ఆ అమ్మాయితో.

ఓటు మా బావగారి వాకిట్లో. ముందు రుచి చూడమని ఆరు పళ్లేల్లో ఉడికించిన ముక్కలు పెట్టారు. మా తోడికోడలు నాలుగో పళ్లెం దగ్గర నిలబడి, "ఛీ, ఇదేం రుచి, గంజి ముద్దలా," అంటూ మూడో ముక్క నోట్లో వేసుకుంది. నేను కూడా ముఖం వికారంగా పెట్టి, వెన్నలా కరిగే ముక్కని చేదుమాత్రలా మింగాను. మా ఊళ్లో నటులకి కొదవ లేదు.

గుడ్డ తెర కట్టి, దాని వెనక ఆరు రకాల దుంపలూ కుప్పలు పోసి, కుప్ప కుప్పకీ ఒక కాగితం సంచి పెట్టారు. మగవాళ్లకి మనిషికి మూడు మొక్కజొన్న గింజలు, ఆడవాళ్లకి మూడు చిక్కుడు గింజలు. నచ్చిన సంచిలో వెయ్యాలి. ఎవరేం వేశారో ఎవరికీ తెలియదు, కానీ ఆడవాళ్లు ఏం కోరుకున్నారో మగవాళ్లు ఏం కోరుకున్నారో గింజ చూస్తే తెలుస్తుందట. ముప్పై నాలుగు మందిమి. ఒక్కొక్కరూ లోపలికి వెళ్లి, ఏదో దైవకార్యం చేసొచ్చినట్టు ముఖం పెట్టుకుని బయటికొస్తున్నారు.

మా ఆయన నా కన్నా ముందు వెళ్లారు. బయటికొచ్చి, ఆ అమ్మాయి దగ్గర ఆగి రెండు మాటలేవో చెప్పి, ఆవుని కట్టెయ్యాలని ఇంటికి వెళ్లిపోయారు. ఆయన ఒకరి దగ్గర ఆగి మాట్లాడటమే వింత. టైమెంతని అడిగి ఉంటారనుకున్నాను.

తెర వెనక నాలుగో కుప్ప ముందు నా చెయ్యి ఆగింది. ఒకటన్నా వేద్దామా అనిపించింది. ముసురులో నిలబడ్డ ఆ రెండు సాళ్లూ గుర్తొచ్చాయి. ఒక్క గింజ వేస్తే మాత్రం ఏమవుతుంది అనుకున్నాను, ఏమో, ఆ ఒక్కటితోనే గెలిచి కూర్చుంటే అనుకున్నాను. మూడూ రెండో సంచిలో వేసి వచ్చేశాను.

అధికారి స్వయంగా లెక్కపెట్టారు. రెండో నంబరుకి ఎనభై ఎనిమిది గింజలు. మిగతావి అటూ ఇటూ. నాలుగో నంబరుకి మూడే మూడు, మూడూ మొక్కజొన్న గింజలు.

"ఎవడ్రా అది, ఎలుకల పార్టీవాడు?" అన్నారు మా బావగారు. వాకిలంతా ఘొల్లుమంది. ఎవరివో నాకు తెలుసు కాబట్టి అందరికన్నా గట్టిగా నవ్వాను. నవ్వనిది ఆ అమ్మాయి ఒక్కతే. నాలుగో సంచి తలకిందులు చేసి దులిపింది. చెయ్యి లోపల పెట్టి మూలలు తడిమి మళ్లీ దులిపింది. లేని గింజలు దులిపితే రాలతాయా అనుకున్నాను.

ఇంటికొచ్చేసరికి మా ఆయన ఆవు ముందు కూర్చుని ఉన్నారు.

"నాలుక్కి ఎన్ని పడ్డాయి?"

మూడు అని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. ఆయన ముఖం చూసేసరికి, "ఆరు," అన్నాను.

"నీవి మూడు, నావి మూడు," అన్నారు. ముఖం విప్పారింది. "నాకు తెలుసు. నీ నోరే అంత."

దాణా ఇంకా కలపలేదేమని ఆయన మీద అరిచి లోపలికి పోయాను. ఆయనకి అసలు లెక్క ఇంకెవరూ చెప్పలేదు. ఆయన్ని పలకరించే తీరిక ఊళ్లో ఎవరికీ లేదు. పైగా ఆ రోజునుంచి నాలుగన్న అంకె పలకడమే అందరూ మానేశారు.

ఎండలు ముదిరాయి. మా వసారాలో అరల మీద కేంద్రం వాళ్లిచ్చిన రెండో నంబరు గులాబీ రంగులో మిలమిలలాడుతోంది. నాలుగో నంబరు మంచం కింద ప్లాస్టిక్ సంచుల్లో, మూతి తీగతో బిగించి ఉంది. అరల మీద పరిస్తే వచ్చేపోయేవాళ్ల కంట పడుతుంది కదా. గాలి తగలని దుంప ఉడుకుతుందని ఆ అమ్మాయి చిలక్కి చెప్పినట్టు చెప్పింది. దాచుకున్న సొమ్ముకి గాలెందుకు అనుకున్నానేమో. ఆ మంచం మీద కూర్చుని కూర ముక్కలు తరుగుతుంటే, బావగారు వచ్చి మా గుమ్మంలో విత్తనం అడుక్కుంటున్నట్టు ఊహించుకునేదాన్ని.

రెండు నెలలకి ఇంట్లో వాసన మొదలైంది. కుళ్లిన దుంప వాసన తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకి చెప్పినా అర్థం కాదు.

"ఎలుక చచ్చినట్టుంది," అన్నారు మా ఆయన. పాపం, వసారాలో సామానంతా ఎత్తి వెతికారు. కట్టెల గూడు దింపారు. మంచం దగ్గరికి రాబోతే, "అక్కడ నేను చూశాను," అని అడ్డం నిలబడ్డాను. గాలి పీల్చుకుందామని పక్కింటి కుట్టుమిషను వదిన దగ్గరికి పోతే అక్కడా అదే కంపు.

"మా ఇంట్లో ఎలుక చచ్చింది వదినా," అంది, మిషను మీంచి తల ఎత్తకుండా.

"మా ఇంట్లోనూ," అన్నాను, గోడ వైపు చూస్తూ.

వీధి చివరదాకా అదే వాసన. మా బావగారి ముందు గదిలో సెంటు కొట్టినా ఆగడం లేదు. నేను గుమ్మంలో కాలు పెట్టానో లేదో, "ఎలుకమ్మాయ్, ఎలుక," అన్నారు ఆయన, ప్రశంసాపత్రాల కింద ముక్కుకి తుండు అడ్డం పెట్టుకుని. నేనేమీ అడగలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అననైనా అనకముందే తడుముకున్నారు.

ఇంటికి పరిగెత్తాను. మా ఆయన పొలంలో ఉన్నారు. సంచి బయటికి లాగి తీగ విప్పి చెయ్యి పెడితే మణికట్టుదాకా దిగబడిపోయింది. గోధుమరంగు నీళ్లు, ముద్ద. రెండు సంచులూ కుమ్మరించి, ఒక్కటన్నా గట్టి దుంప దొరుకుతుందేమోనని పిసికి పిసికి చూశాను. ఒక్కటి లేదు. పెరట్లో గొయ్యి తీసి పూడ్చి, స్నానం చేసి, వాసన పోక మళ్లీ స్నానం చేశాను. మర్నాడు చూద్దును కదా, వీధిలో ప్రతి పెరట్లోనూ తాజాగా తవ్వి పూడ్చిన గొయ్యి. ఒక ఎలుకని పాతిపెట్టడానికి మోకాలి లోతు గొయ్యి ఎవడు తీస్తాడు? తిలాపాపం తలా పిడికెడు అంటారు. మాకు తలా రెండు బస్తాలు.

థూ అనుకున్నాను, ఊరంతటినీ. వెధవ బుద్ధులు, వెధవ తెలివి. ఒక్కడన్నా నిజాయితీగా ఓటేసి ఉంటే అనుకున్నాను. ఒక్కడు వేశాడని గుర్తొచ్చి మానేశాను.

విత్తడానికి పది రోజులు. మూడో పంట, చివరిది. బస్సెక్కి పరిశోధన కేంద్రానికి పోయాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు. ఆ అమ్మాయి పొడుగాటి గదిలో బల్ల దగ్గర కూర్చుని, అట్టపెట్టెల్లో దుంపలకి చీటీలు అంటిస్తోంది. నన్ను చూసి లేచి కుర్చీ వేసింది.

"నాలుగో నంబరు విత్తనం ఉందేమోనని వచ్చానమ్మాయ్. ఒక బుట్టెడు చాలు."

ఆ పిల్ల చేతిలో చీటీ బల్ల మీద పెట్టేసింది.

"లేదమ్మా. ఉడికించి పశువులకి పెట్టేశాం. ఒక్క దుంప కూడా మిగల్లేదు."

"తెగులు తట్టుకుంది కదా! నువ్వు చూశావుగా!"

"చూశాను, రాశాను. కానీ దిగుబడి తక్కువ, రుచి లేదన్నారు, ఎలుకలన్నారు. పెద్ద మడిలో మందు కొట్టారు కాబట్టి తేడా కనపడలేదు. ఎంచుకునేది మీరేనని మేమే చెప్పాం, మీరేమో వద్దన్నారు. ఇంక నేనొక్కదాన్నే కావాలంటే ఎవరు వింటారు?"

బల్ల మీది చీటీ పక్కకి జరిపి మళ్లీ అంది. "ఒక్క దారి ఉండేది. ఓడిపోయిన రకమైనా సరే, మగవాళ్ల ఓటూ ఆడవాళ్ల ఓటూ రెండూ పడితే ఇంకో ఏడాది ఉంచొచ్చని నియమం. ఒక్కో గింజ చాలు. దాని కోసమే చూశాను."

పుస్తకం తీసి, వేలితో వెతికి ఒక చోట ఆగింది.

"మీ ఆయన ఓటేసి వచ్చి నాతో చెప్పారమ్మా. రాసుకున్నాను కూడా. 'నావి మూడూ నాలుగులో వేశాను. మా ఆవిడవి కూడా అందులోనే ఉంటాయి. అది మంచి దుంపని ముందు కనిపెట్టింది ఆవిడే. నోరు పెట్టుకుని ఏదో అంటుంది గానీ, ఆవిడ చెయ్యి తప్పు చెయ్యదు.' అంత మాట చెప్పారు కదా, చిక్కుడు గింజ తప్పకుండా ఉంటుందనుకున్నాను. సంచి రెండుసార్లు దులిపాను." పుస్తకం మూసింది. "ఆయన పొరబడ్డారేమోలెండి."

ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. కడుపులో ఏమైనా పెట్టుకుని ఆ మాట అందా అని ముఖంలోకి చూశాను. ఏమీ లేదు. నాకు మంచినీళ్లు ఇచ్చి, బస్సు టైము చెప్పింది. నా దగ్గర ప్రతి మనిషికీ ఒక మాట తయారుగా ఉంటుంది. ఆ అమ్మాయికి ఇవ్వడానికి ఒక్కటీ దొరక్క, నీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

బస్సు దిగి వస్తుంటే మా ఏటవాలు మీద మా బావగారు కనిపించారు. నడుం మీద చేతులేసుకుని, బండి ఎటునుంచి ఎక్కించాలా అని చూసుకుంటున్నారు. మామూలుగా అయితే కిందనుంచే నాలుగు అంటించేదాన్ని. తల వంచుకుని పోయాను.

మా ఆయన వసారాలో కూర్చుని విత్తనానికి రెండో నంబరు దుంపలు కోస్తున్నారు. ముక్కకి రెండు కళ్లు వచ్చేలా కోసి, మెత్తబడ్డ భాగం చెక్కి అవతల పారేస్తున్నారు. పారేసిందే ఎక్కువగా ఉంది. ముసురు పడితే మిగతాది ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

"ఏమందా అమ్మాయి?"

"లేదట. పశువులకి పెట్టేశారట."

ఆయన చేతిలో కత్తి ఆగింది. "ఆరు గింజలు పడ్డా?"

చెప్పాల్సింది అప్పుడే. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. చెప్పులు కూడా విప్పలేదు.

"చాలలేదట," అన్నాను.

ఆయన చేతిలో దుంపని బుట్టలోకి విసిరారు. ఆయన దేన్నైనా విసరడం నేనెప్పుడూ చూడలేదు.

"మంచి పిల్లనుకున్నాను. నేను చెబుతుంటే తలూపుతూ రాసుకుంది కూడా. అంతా నటన. మనం చెప్తే వినేవాళ్లయితే కదా! ఆరు గింజలు వాళ్ల కంటికి ఆనలేదు. వీళ్లంతా ఇంతే, దొంగ వెధవలు."

ఇరవై రెండేళ్లుగా ఈ మనిషికి లోకం తీరు నేర్పాలని చూశాను. ఎవరినీ నమ్మొద్దని, ఎదుటివాణ్ణి చూస్తే ముందు అనుమానించమని, నోరు విప్పి నాలుగు మాటలు అనమని. ఒక్కరోజూ వినలేదు. ఇప్పుడు అన్నారు. అన్నదీ, తన మాట నమ్మి ఖాళీ సంచి రెండుసార్లు దులిపిన పిల్లని.

"అంతేనండీ," అన్నాను. చెప్పులు విప్పి, ఆయన పక్కన కూర్చుని, రెండో కత్తి తీసుకుని కుళ్లు చెక్కడం మొదలుపెట్టాను.